నిండిన పాతర... ఆకలి గుండె

చలి గది తలుపు మూసుకుంది. లోపల 4 డిగ్రీలు.

ఫ్యాన్ హోరు తప్ప మరో చప్పుడు లేదు. అరల మీద పెట్టెలు. పెట్టెల్లో ఎలుకలు. ఒకటి ముడుచుకుని కూర్చుంది. ఒళ్లంతా సన్నగా వణుకుతోంది. అయినా దాని ఒంటి వేడి తగ్గలేదు. పక్క పెట్టెలో ఇంకోటి ఉంది. ఇది బొద్దుగా ఉంది. చర్మం కింద కొవ్వు, పొట్టలో కొవ్వు, చలిలో ఒంటిని వెచ్చబెట్టాల్సిన గోధుమరంగు కొవ్వైతే మామూలు ఎలుకకి ఉండేదాని కంటే ఎంతో ఎక్కువ. ఈ రెండింట్లో చలికి తట్టుకునేది ఏదని అడిగితే ఎవరైనా దీన్నే చూపిస్తారు.

థర్మామీటర్‌లో అంకె దిగుతోంది. బొద్దు ఎలుకది.

మళ్లీ చూశారు. ఇంకా దిగింది. మామూలు ఎలుక లేచి పెట్టెలో అటూ ఇటూ తిరుగుతోంది. బొద్దు ఎలుక కదలడం తగ్గించేసింది. కొన్ని గంటలు గడిచేసరికి ప్రాణం మీదికొచ్చింది. చలి దాన్ని చంపేస్తోంది. ఒంటినిండా ఇంధనం ఉన్న జీవిని!

ఇది ఆస్ట్రియాలోని గ్రాజ్. మూర్ నది ఒడ్డున, చుట్టూ కొండలున్న పల్లంలో, చలికాలం వస్తే పొగమంచు కదలకుండా కూర్చునే ఊరు. అక్కడి విశ్వవిద్యాలయంలో రుడాల్ఫ్ జెక్నర్ బృందం చేసిన ఈ ప్రయోగం 2006 మేలో సైన్స్ పత్రికలో అచ్చయింది. ఆ బొద్దు ఎలుకలో వాళ్లు తీసేసింది ఒకే ఒక్క జన్యువు. దాంతో పోయింది ఒకే ఒక్క ప్రొటీన్. ఆ ప్రొటీన్ ఒకటుందని అంతకు రెండేళ్ల ముందు దాకా లోకానికి తెలియదు. కానీ అది లేని మనుషులు మాత్రం ఎప్పటినుంచో ఆస్పత్రుల మెట్లెక్కుతూనే ఉన్నారు.

*

1953. నెదర్లాండ్స్.

ఆ ఏడాది ఫిబ్రవరి 1న, ఇంకా తెల్లవారకముందే, సముద్రం కట్టలు తెంచుకుని నిద్రలో ఉన్న ఊళ్ల మీద పడింది. 1,800 మందికి పైగా చనిపోయారు. దేశం బురద కడుక్కుంటున్న ఆ సంవత్సరంలోనే జోర్డాన్స్ అనే డాక్టర్ ఓ చిన్న పరిశోధనా వ్యాసం అచ్చేయించాడు. అందులో ఇద్దరు అన్నదమ్ముల కథ ఉంది. ఇద్దరికీ ఒకే జబ్బు. కండరాలు ఏడాదికేడాది కరిగిపోతున్నాయి.

రక్తం తీశారు. ఓ చుక్క గాజు స్లైడు మీద పలచగా పరిచారు. రంగు వేశారు. మైక్రోస్కోప్ కింద పెట్టారు.

ఎర్రకణాలు బాగానే ఉన్నాయి. తెల్లకణాల్లోనే ఏదో తేడా. లోపల గుండ్రటి ఖాళీలు. ఒకటి కాదు, రెండు కాదు, బుడగల్లా గుంపులు గుంపులు. స్లైడుకి వాడే ఆల్కహాల్ కొవ్వుని కరిగించి పట్టుకుపోతుంది కాబట్టి కొవ్వు ఉన్న చోటు ఖాళీగా కనిపిస్తుంది. కొవ్వుకి పట్టే రంగు వేస్తే ఆ ఖాళీలు నిండిపోతాయి. అంటే, ఒంట్లోకి చొరబడిన క్రిముల్ని పట్టుకుని తినాల్సిన తెల్లకణాలు తమ కడుపులో కొవ్వు బిందువుల్ని మోసుకు తిరుగుతున్నాయి.

అన్నకీ అంతే. తమ్ముడికీ అంతే.

కండరం ఎక్కడ, తెల్లకణం ఎక్కడ? ఒకదానికొకటి సంబంధం ఏమిటి? జోర్డాన్స్ చూసింది చూసినట్టు రాశాడు. ఆ ఖాళీలకి వైద్యశాస్త్రంలో ‘జోర్డాన్స్ అనామలీ’ అన్న పేరు మిగిలింది. కారణం మాత్రం దొరకలేదు. ఇరవై ఏళ్లు ఎవరికీ దొరకలేదు.

ఆ తర్వాత ఆ ఖాళీలు ఇంకోచోట బయటపడ్డాయి. ఈసారి చర్మ వ్యాధుల డాక్టర్ల దగ్గర.

*

1974లో జెరూసలేం నుంచి డార్ఫ్‌మన్ బృందం, 1975లో లండన్ నుంచి ఛానరిన్ బృందం, ఒకరి వెనక ఒకరు దాదాపు ఒకే వార్త తెచ్చారు. పుట్టుకతోనే చర్మం ఎర్రగా, పొడిబారి, పొలుసులు పొలుసులుగా లేచిపోయే రోగులు. కొందరికి కాలేయం పెరిగింది. కొందరికి కండరాల్లో బలం లేదు. రక్తం చుక్క తీసి స్లైడు మీద పరిస్తే అవే గుండ్రటి ఖాళీలు.

చర్మంలో కొవ్వు. కాలేయంలో కొవ్వు. కండరంలో, పేగు గోడలో, తెల్లకణాల్లో కొవ్వు. ఉండకూడని ప్రతిచోటా ఉంది. ఆ రోగుల చర్మం నుంచి కణాలు తీసి గాజు గిన్నెల్లో పెంచి చూస్తే చిక్కుముడి ఇంకా బిగుసుకుంది. ఆ కణాలు కొవ్వుని లోపలికి తీసుకుంటున్నాయి. దాన్ని బిందువులుగా కట్టుకుంటున్నాయి. బయటి నుంచి విడిగా ఇచ్చిన ఫ్యాటీ యాసిడ్లని కాల్చి శక్తి కూడా తీస్తున్నాయి. చేతగానిది ఒక్కటే. తాము దాచుకున్నదాన్ని తాము విప్పుకోలేకపోతున్నాయి.

ఇలాంటి జబ్బు బిడ్డకి రావాలంటే అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి, రెండు చెడిన జన్యువులూ కలవాలి. ఒకటే చెడితే ఏమీ తెలియదు, హాయిగా బతికేస్తారు. దగ్గరి చుట్టాల మధ్య పెళ్లిళ్లలో ఈ రెండూ కలిసే అవకాశం పెరుగుతుంది. మేనమామకో మేనబావకో పిల్లనివ్వడం తరతరాలుగా నడుస్తున్న మన తెలుగు నేల మీద ఈ ముక్క గట్టిగా చెప్పుకోవాలి. అరుదైన జబ్బు అంటే పరాయి దేశపు జబ్బని అర్థం కాదు.

డాక్టర్ల చేతిలో ఇప్పుడు జబ్బుంది. ఒంట్లో కొవ్వుని విప్పే ఎంజైమ్ ఏదో అప్పటికే తెలుసని లోకం నమ్మింది. మరి ఆ ఎంజైమ్ ఈ రోగుల్లో చెడిందా? ఆ దారిన వెళ్లినవాళ్లకి జవాబు దొరకలేదు. ఎందుకంటే లోకం నమ్మింది తప్పు.

*

ఇక్కడ కొవ్వు కణం లోపలికి ఒకసారి వెళ్లి రావాలి.

మన పల్లెల్లో పూర్వం ధాన్యాన్ని పాతరేసేవాళ్లు. నేలలో గొయ్యి, గోడలకి వరిగడ్డి, పైన మూత. పంట చేతికొచ్చినప్పుడు నింపాలి, కరువొచ్చినప్పుడు తీయాలి. ఒంట్లో ఆ పని కొవ్వు కణానిది. కణంలో దాదాపు మొత్తం చోటు ఒకే ఒక్క నూనె బిందువు ఆక్రమిస్తుంది. కణకేంద్రకం, మిగతా సరంజామా అంతా ఓ అంచుకి ఒత్తుకుపోయి బతుకుతాయి.

నింపడం కూడా చిన్న పనేమీ కాదు. భోజనమయ్యాక పేగుల నుంచి బయల్దేరిన కొవ్వు రేణువులు రక్తంలో తేలుకుంటూ కొవ్వు కణజాలం దాకా వచ్చేసరికి, ఇన్సులిన్ పిలుపుతో చురుకెక్కిన లైపోప్రొటీన్ లైపేజ్ అనే ప్రొటీన్ సన్నటి రక్తనాళాల గోడ మీద కాపుకాసి వాటిని పట్టుకుని ఫ్యాటీ యాసిడ్ల ముక్కలుగా చేస్తుంది, ఆ ముక్కలు గోడ దాటి కణంలోకి జారతాయి, లోపల ఒక్కో గ్లిజరాల్‌కి రెండేసి ముక్కలు తగిలాక డీగ్యాట్ అనే ఎంజైములు మూడోది తగిలించి మళ్లీ ట్రైగ్లిజరైడ్ కట్టేస్తాయి, సీపిన్ అనే ప్రొటీన్ ఆ నూనెని ఓ బిందువుగా రూపం కట్టిస్తుంది, సైడెక్ అనే మరో ప్రొటీన్ చిన్న బిందువుల్ని ఒకదాన్లో ఒకటి కలిపేస్తూ చివరికి ఒకే పెద్ద బిందువు మిగిలేలా చేస్తుంది.

వీటిలో ఒక్కటి చెడినా ఇల్లు కూలుతుంది. సీపిన్ లేకుండా పుట్టిన పిల్లలకి చర్మం కింద కొవ్వు దాదాపు ఉండదు. కండలు తీరి, నరాలు తేలి కనిపిస్తారు. తిన్న కొవ్వుకి దాక్కునే చోటు లేక కాలేయంలో పేరుకుంటుంది. చిన్న వయసులోనే షుగర్ వస్తుంది. 1954లో బ్రెజిల్‌లో బెరార్డినెలీ, 1959లో నార్వేలో సీప్ ఇలాంటి పిల్లల్నే చూశారు. కొవ్వు దాచుకోవడం ఎంత అవసరమో ఆ పిల్లల్ని చూస్తే తెలుస్తుంది.

నిండింది సరే. తీసేదెలా? ట్రైగ్లిజరైడ్ ఉన్నది ఉన్నట్టుగా కణం గోడ దాటలేదు. మూడు ముక్కల్నీ ఒక్కొక్కటిగా కోయాలి. కోసేదెవరు?

*

1964. అమెరికాలోని బెథెస్డా. జాతీయ ఆరోగ్య సంస్థల ప్రయోగశాలల్లో మార్తా వాన్, డేనియల్ స్టైన్‌బర్గ్, వాళ్ల సహచరులు ఎలుకల కొవ్వు మీద పని చేస్తున్నారు. కొవ్వు కణజాలానికి ఆడ్రినలిన్ లాంటి హార్మోన్ తగిలితే చాలు, లోపల ఓ ఎంజైమ్ చురుకెక్కి కొవ్వుని కోసేస్తోంది. హార్మోన్ మాట వినే లైపేజ్, అంటే కొవ్వుని కోసే ఎంజైమ్, అన్న అర్థంతో దానికి హెచ్ఎస్ఎల్ అని పేరు పెట్టారు.

ఆ రోజు నుంచి సింహాసనం దానిదే. 1988లో స్వీడన్ శాస్త్రవేత్త సెసిలియా హోల్మ్ బృందం దాని జన్యువుని కూడా చదివేసింది. పాఠ్యపుస్తకాలన్నీ ఒకే మాట. కొవ్వు పాతర మూత తీసేది హెచ్ఎస్ఎల్. అదొక్కటే.

అలాగైతే ఓ పరీక్ష చాలు. ఎలుకలో హెచ్ఎస్ఎల్ తీసేయండి. కొవ్వు బయటికి రాలేదు కాబట్టి ఎలుక బంతిలా ఊరిపోవాలి.

2000లో టోక్యోలో ఆ పని చేశారు. ఎలుకలు పుట్టాయి. పెరిగాయి. పరిశోధకులు తూకాలు చూశారు. మళ్లీ చూశారు.

ఊరలేదు!

మగ ఎలుకలకి సంతానం కలగలేదు, కొవ్వు కణాలు కొంచెం పెద్దవయ్యాయి, అంతే. ఆకలితో ఉంచితే కొవ్వుని తీసుకుని వాడుకుంటూనే ఉన్నాయి. ముప్పై ఆరేళ్లుగా రాజనుకున్నది పోయినా రాజ్యం నడుస్తూనే ఉంది. అంటే లోపల ఇంకెవరో ఉన్నారు.

*

గ్రాజ్‌లోనూ హెచ్ఎస్ఎల్ లేని ఎలుకల్ని తయారుచేశారు. గుంటర్ హెమ్మర్లె, రాబర్ట్ జిమ్మర్‌మన్, జెక్నర్... వీళ్లు ఆ ఎలుకల కొవ్వు తీసి, అందులో ఏం పేరుకుందో విడదీసి చూశారు. హెచ్ఎస్ఎల్ మొదటి కోత కోసేదైతే మూడు ముక్కల ట్రైగ్లిజరైడ్ గుట్టలు పడాలి.

పడింది అది కాదు. రెండు ముక్కలు మిగిలిన డైగ్లిజరైడ్!

2002లో అచ్చయిన ఆ ఫలితం చదివినవాళ్లకి విషయం వెలిగింది. మొదటి ముక్కని ఎవరో అప్పటికే కోసేస్తున్నారు. హెచ్ఎస్ఎల్ చేసేది రెండో కోత. అసలు మూత తీసే చెయ్యి వేరే. ఆ చేతికి పేరు లేదు, ముఖం లేదు.

ఎక్కడ వెతకాలి? అప్పటికి మనిషి జన్యుపటం చేతికొచ్చింది. ఎలుకదీ వచ్చింది. కంప్యూటర్లలో వేలకి వేల ప్రొటీన్ల వరుసలున్నాయి. వాటిలో సగానికి పైగా ఏం చేస్తాయో ఎవరికీ తెలియదు. గ్రాజ్ బృందం లైపేజ్‌లన్నిటిలో కనిపించే ఓ చిన్న అక్షరక్రమాన్ని, వాటికి ఉమ్మడిగా ఉండే ఓ మడతని గుర్తుగా పెట్టుకుని ఆ రాశిని జల్లెడ పట్టింది. అనుమానితులు తేలారు. వాళ్లలో ఒకటి కొవ్వు కణజాలంలో జోరుగా తయారవుతోంది.

దాని నిర్మాణంలో ఓ భాగం చూసి ఆశ్చర్యపోవాలి. అది బంగాళాదుంపలో ఉన్న ప్రొటీన్‌కి చుట్టం! దుంపలో దండిగా నిల్వ ఉండే పటాటిన్ అనే ప్రొటీన్‌కి కొవ్వుని కోసే గుణం ఉంది. ఆ పోలికే ఎలుక కొవ్వులో, మనిషి కొవ్వులో బయటపడింది.

పోలిక ఉంటే చాలదు. పని చేయాలి. కణాల్లో ఆ ప్రొటీన్‌ని ఎక్కువగా తయారుచేయించి, కొవ్వు కలిపి చూశారు. ట్రైగ్లిజరైడ్ తెగింది. మొదటి ముక్క ఊడింది. ఎలుక కొవ్వులో దాన్ని అడ్డుకుని చూశారు. కొవ్వు కోసే పని బాగా పడిపోయింది.

2004 నవంబర్. సైన్స్ పత్రికలో దాని పేరు అచ్చయింది. అడిపోస్ ట్రైగ్లిజరైడ్ లైపేజ్. పొట్టిగా ఏటీజీఎల్. విచిత్రం ఏమిటంటే అదే ఏడాది బర్కిలీలో ఒక బృందం, సెయింట్ లూయిస్‌లో మరో బృందం వేర్వేరు దారుల్లో వచ్చి అదే ప్రొటీన్ మీద చెయ్యి వేశాయి. నలభై ఏళ్లు కంటపడనిది ఒక్క ఏడాదిలో ముగ్గురికి చిక్కింది.

మరి జెరూసలేం, లండన్ రోగుల్లో చెడింది ఇదేనా? కాదు. చెడింది ఇంకొకటి!

*

ఆ రోగుల జన్యువు సంగతి అంతకు మూడేళ్ల ముందే తేలింది. 2001లో ఫ్రాన్స్ నుంచి జుడిత్ ఫిషర్, ఆమె సహచరులు మధ్యధరా తీరపు కుటుంబాల రక్తం పరీక్షించి, పొలుసుల చర్మం, కొవ్వు నిండిన తెల్లకణాలు ఉన్నవాళ్లలో చెడిన జన్యువు ఏదో పట్టేశారు. అది తయారుచేసే ప్రొటీన్ సీజీఐ-58. చూడ్డానికి కొవ్వుని కోసే ఎంజైమ్‌లాగే ఉంది. కానీ కోయడానికి కావలసిన కీలకమైన చోట, సెరీన్ ఉండాల్సిన చోట, వేరే అమైనో ఆమ్లం కూర్చుంది.

అంటే అది కోయలేదు. కోయలేని ప్రొటీన్ చెడిపోతే కొవ్వు ఎందుకు తెగడం లేదు?

జవాబు మళ్లీ గ్రాజ్ నుంచే వచ్చింది, 2006లో. అక్కడ ఏటీజీఎల్‌కి సీజీఐ-58ని కలిపి చూశారు. ఏటీజీఎల్ పని 20 రెట్ల దాకా లేచింది. రోగుల్లో ఉన్న చెడిన సీజీఐ-58ని కలిపి చూశారు. లేవలేదు. సీజీఐ-58 తాను కోయదు. కోసేదాన్ని నిద్రలేపుతుంది. ఇక మిగిలింది ఒక్కటే ప్రశ్న. అలాగైతే అన్నం తిని కూర్చున్నప్పుడు అది ఏటీజీఎల్‌ని ఎందుకు లేపడం లేదు? దాన్ని ఎవరు పట్టుకుని ఉంచుతున్నారు?

ఆ కావలివాడు 1991 నుంచీ కళ్లెదుటే ఉన్నాడు. బెథెస్డాలోనే, ఆండ్రూ గ్రీన్‌బర్గ్, కాన్‌స్టంటైన్ లాండోస్‌లు కొవ్వు బిందువు చుట్టూ పొరలా అంటుకుని ఉన్న ఓ ప్రొటీన్‌ని కనిపెట్టి పెరిలిపిన్ అన్నారు. దాన్ని తీసేసిన ఎలుకల్ని 2000లో చూస్తే సన్నగా ఉన్నాయి. కాపలా లేని పాతర రాత్రీ పగలూ కారిపోతోంది. సన్నబడటమే కదా, మంచిదేగా అనిపిస్తుంది. కాదు. పెరిలిపిన్ చెడిన మనుషుల్ని ఫ్రెంచ్ కుటుంబాల్లో 2011లో గుర్తించారు. కొవ్వు నిలవాల్సిన చోట నిలవక కాలేయానికి చేరింది. షుగర్ వచ్చింది.

ఇప్పుడు ముక్కలన్నీ చేతికొచ్చాయి. అవి కలిసి కదిలితే ఎలా ఉంటుంది?

*

రాత్రి పదకొండు. వాన వెలిసింది. సందులో కరెంటు లేదు. చెప్పుల కింద బురద చప్పుడు. మలుపు తిరిగారో లేదో, గోడ పక్క నుంచి మూడు కుక్కలు లేచాయి.

మీరు ఆలోచించేలోపే కాళ్లు పరుగందుకున్నాయి. కిడ్నీల మీది గ్రంథుల నుంచి ఆడ్రినలిన్, నరాల కొసల నుంచి నోరాడ్రినలిన్ చిమ్మాయి. రక్తంలో కొట్టుకొచ్చిన ఆ హార్మోన్ కొవ్వు కణం గోడ మీది తలుపు తట్టింది. లోపల సందేశం పాకింది. ప్రొటీన్ కైనేజ్-ఏ అనే ఎంజైమ్ లేచి పెరిలిపిన్ మీద ఫాస్ఫేట్ గుర్తులు వేసింది. పెరిలిపిన్ పట్టు సడలింది. అప్పటిదాకా దాని గుప్పిట్లో ఉన్న సీజీఐ-58 విడిపోయి ఏటీజీఎల్‌ని అంటుకుంది. మొదటి కోత పడింది. అదే గుర్తులతో హెచ్ఎస్ఎల్ కూడా కణద్రవంలోంచి బిందువు మీదికి వచ్చి వాలింది. రెండో కోత. మోనోగ్లిజరైడ్ లైపేజ్ చివరి ముక్కని ఊడదీసింది. ఫ్యాటీ యాసిడ్లు రక్తంలోకి దూకి, అల్బుమిన్ అనే ప్రొటీన్ వీపెక్కి, కాళ్ల కండరాల వైపు, గుండె వైపు బయల్దేరాయి.

ఇల్లు చేరారు. గడియ పెట్టారు. గుండె దడదడ. నెమ్మదిగా ఆడ్రినలిన్ తగ్గింది. అన్నం తిన్నారు, ఇన్సులిన్ పెరిగింది. పెరిలిపిన్ మీది గుర్తులు చెరిగాయి. సీజీఐ-58 మళ్లీ గుప్పిట్లోకి వెళ్లింది. మూత పడింది.

ఈ వరుసలో ఒక్క ఏటీజీఎల్ లేదనుకోండి.

*

గ్రాజ్‌లో చలి గదికి పంపని ఎలుకలూ ఉన్నాయి. వెచ్చటి గదిలో, కడుపునిండా మేతతో, ఏ కష్టమూ లేకుండా పెరుగుతున్నాయి. ఏటీజీఎల్ లేదు కాబట్టి ఒళ్లు చేశాయి. అయినా రక్తంలో చక్కెరని మామూలు ఎలుకల కంటే బాగా సర్దుకుంటున్నాయి. లావుంటే షుగర్ వస్తుందన్న లెక్క ఇక్కడ తిరగబడింది. కొవ్వు లోపలే బందీ అయినప్పుడు ఒళ్లు చక్కెర మీద ఆధారపడక తప్పదు. కొన్నాళ్లు అంతా బాగానే ఉన్నట్టు కనిపించింది.

పన్నెండు వారాలు దాటాక చావులు మొదలయ్యాయి.

కోసి చూశారు. గుండె ఉబ్బి ఉంది. గుండె కండరం నిండా కొవ్వు బిందువులు. మామూలు గుండెలో ఉండే ట్రైగ్లిజరైడ్ కంటే 20 రెట్లకి పైగా. గుండె రాత్రీ పగలూ ఆగకుండా కొట్టుకోవడానికి కావలసిన శక్తిలో సింహభాగం ఫ్యాటీ యాసిడ్ల నుంచే వస్తుంది. ఇక్కడ ప్రతి గుండె కణంలోనూ సరుకు నిండా ఉంది. మూత తీసేవాళ్లు లేరు. ఆ గుండె కొవ్వులో మునిగి ఆకలితో ఆగిపోయింది.

ఎలుకలో ఇంత జరిగితే, ఏటీజీఎల్ లేని మనిషి ఉంటే ఏమవుతాడు?

2007. జుడిత్ ఫిషర్ పేరు మళ్లీ వినిపించింది. ఈసారి ఆమె బృందం చేతిలో ముగ్గురు రోగులున్నారు. తెల్లకణాల్లో అవే ఖాళీలు. కానీ చర్మం నున్నగా ఉంది. పొలుసులు లేవు. కండరాలు మాత్రం బలహీనం. జన్యువు చదివారు. ఏటీజీఎల్ చెడింది.

అంతకు యాభై నాలుగేళ్ల ముందు జోర్డాన్స్ అన్నదమ్ముల్లో చూసిన జంట ఇదే. కండరాలు కరగడం, తెల్లకణాల్లో ఖాళీలు. ఒకే గుర్తు వెనక రెండు జబ్బులున్నాయి. సీజీఐ-58 పోతే చర్మం పొలుసులవుతుంది, ఏటీజీఎల్ పోతే కండరం, గుండె దెబ్బతింటాయి. ఆ గుర్తు పట్టడానికి ఖరీదైన యంత్రం అక్కర్లేదు. జిల్లా ఆస్పత్రి ల్యాబులో రోజూ చేసే రక్తం స్లైడు, దాన్ని ఓపిగ్గా చూసే రెండు కళ్లు చాలు. యంత్రం లెక్కగట్టి ఇచ్చే అంకెల్లో ఈ ఖాళీలు కనిపించవు. ఆ కళ్లు పడక కారణం తెలియకుండా ఎన్నేళ్లు నడిచినవాళ్లున్నారో.

*

ఒసాకా. ఆపరేషన్ థియేటర్.

ఓ రోగి గుండె ఇక పంపు చేయలేనని చేతులెత్తేసింది. మనిషి లావు కాదు. రక్తపరీక్షలో ట్రైగ్లిజరైడ్ల అంకె చూసి ఎవరూ కంగారు పడరు. గుండె మార్పిడి ఒక్కటే దారి. పాత గుండె బయటికి తీశారు. కొత్తది కుట్టారు. తీసిన గుండెని పరీక్షకి పంపారు.

కండరం నిండా ట్రైగ్లిజరైడ్. అది చాలదన్నట్టు గుండెకి రక్తమిచ్చే ధమనుల గోడల్లోనూ ట్రైగ్లిజరైడ్. ధమని పూడుకుపోయిందంటే కొలెస్టరాల్ అని చదువుకున్న డాక్టర్లకి ఇది కొత్త. కెన్-ఇచి హిరానో బృందం 2008లో దీన్ని లోకానికి చెప్పింది. ఆ రోగిలో చెడిన జన్యువు ఏటీజీఎల్‌ది. మామూలు పరీక్షలు రక్తంలో తిరిగే కొవ్వునే కొలుస్తాయి. కణంలో చిక్కుకున్నది వాటికి అందదు.

కొత్త గుండె అందరికీ దొరకదు. మందుందా?

2011లో గ్రాజ్ నుంచి ఓ ఆశ వచ్చింది. ఏటీజీఎల్ కోసిన ఫ్యాటీ యాసిడ్లు గుండెకి ఇంధనం మాత్రమే కావని, పీపార్-ఆల్ఫా అనే స్విచ్చుని నొక్కి గుండె కణాల్లోని శక్తి కొలిముల్ని, అంటే మైటోకాండ్రియాల్ని, నడిపించే సందేశం కూడా అవేనని తేలింది. కోత లేకపోతే సందేశం లేదు. సందేశం లేకపోతే కొలిమి ఆరిపోతుంది. అందుకని ఏటీజీఎల్ లేని ఎలుకలకి ఆ స్విచ్చుని నేరుగా నొక్కే మందు పెట్టారు. గుండె కోలుకుంది. చావాల్సిన ఎలుకలు బతికాయి. మనుషుల్లో ఇంత తేలిగ్గా కుదరలేదు. ఒసాకా బృందం ఇంకో దారి పట్టింది. మధ్యస్థ పొడవు గొలుసు ఫ్యాటీ యాసిడ్లున్న ట్రైకాప్రిన్ అనే కొవ్వుని రోగులకి ఆహారంగా ఇచ్చి చూస్తోంది.

అదే 2011లో గ్రాజ్ నుంచి వచ్చిన రెండో వార్తని మాత్రం ఎవరూ ఊహించలేదు.

కేన్సర్ ముదిరిన మనిషిని చూసినవాళ్లకి తెలుసు. తిన్నా తినకపోయినా ఒళ్లు ఆరిపోతుంది. ముందు కొవ్వు పోతుంది, తర్వాత కండ పోతుంది. బుగ్గలు లోపలికి పోతాయి. బంధువులు పళ్లరసాలు పట్టుకుని మంచం పక్కన నిలబడతారు, మంచం మీద మనిషి మాత్రం రోజురోజుకీ సగమవుతుంటాడు. చాలామందిని కణితి కంటే ముందు ఆ క్షీణతే తీసుకుపోతుంది. కణితి వల్ల రేగిన సంకేతాలతో పాతర మూత తెరుచుకునే ఉంటుంది.

జెక్నర్ బృందం ఏటీజీఎల్ లేని ఎలుకల్లో కణితులు పెంచింది. కణితి పెరిగింది. ఎలుక మాత్రం ఆరిపోలేదు. కొవ్వు నిలిచింది. కొవ్వుతో పాటు కండ కూడా నిలిచింది.

ఏ మూత పడిపోతే గుండె చచ్చిపోయిందో, అదే మూత పడితే ఇక్కడ ఒళ్లు దక్కింది. 2013లో గ్రాజ్ రసాయన శాస్త్రవేత్తలు ఏటీజీఎల్‌ని ఆపే ఓ అణువుని తయారుచేసి అట్‌గ్లిస్టాటిన్ అన్నారు. ఎలుకల్లో పని చేసింది. మనిషి ఏటీజీఎల్ మీద మాత్రం పని చేయలేదు. మళ్లీ బల్లల ముందు కూర్చున్నారు. 2022లో మనిషి కొవ్వు కణాల్లోని ఏటీజీఎల్‌ని ఆపే అణువుని ప్రకటించారు. ఇప్పుడు వాళ్ల ముందున్న పని గుండె దగ్గర తలుపు తెరిచే ఉంచి, కొవ్వు దగ్గర మాత్రం మూయడం. ఎంత మోతాదులో, ఎన్నాళ్లు, ఏ రోగికి అన్నది ఇంకా తేలాలి.